కొల్లేటికి కొండల సైకిలు

ఏలూరు కాలువ గట్టున సైకిల్ షాపు పెట్టుకున్న పెద్దాయన మా అమ్మ సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, హ్యాండిలు కింద గొట్టాలు కలిసే చోట వేలితో తడిమాడు. అక్కడ బెత్తెడు పొడవున చీలిక కనిపిస్తోంది. "ఫ్రేము పగిలిందండీ టీచరుగారూ. ఇంక ఇది సైకిలు కాదండి, విడి సామానే" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. టైర్లు చివికిపోయిన ఆ సైకిలుని రిక్షాలో వేయించి, రిక్షా వెనకాల మే నెల ఎండలో నడిచి వచ్చినదాన్ని. పట్టుమని పావుగంట కూడా చూడకుండా పగిలిందనేస్తారేమిటండీ అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నొచ్చుకోలేదు. స్టూలు జరిపి కూచోమన్నాడు, టీ చెప్పాడు. ఆ టీ తాగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. పాత సైకిలు మీద మమకారమనుకున్నాడో ఏమో, పాపం అటు తిరిగి పంక్చర్ వేసుకోసాగాడు. నా ఏడుపు సైకిలు కోసం కాదు. కొల్లేటి మధ్యన ఉన్న నా బడి కోసం.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. డీఎస్సీ రాసి టీచరునయ్యాను. కొల్లేటిలో ఒక లంక ఊరికి వేశారు. ఒక్క టీచరే ఉండే బడి. అంటే హెడ్మాస్టర్ని నేనే, టీచర్ని నేనే, గంట కొట్టేదీ నేనే. ఏలూరులో పొద్దున్నే కైకలూరు వైపు వెళ్ళే మొదటి బస్సెక్కి, దారిలో ఒక టీ కొట్టు దగ్గర దిగి, చేపల చెరువుల గట్ల మీద ఆరు కిలోమీటర్లు నడవాలి. చివర్లో ఒక కాలువ అడ్డం వస్తుంది. దాని మీద రెండు తాటి దుంగలు వేసి ఉంటాయి. అవి దాటితే బడి. ఊళ్ళోనే ఉండిపోవచ్చు కదా అన్నవాళ్ళు లేకపోలేదు. అక్కడ అద్దెకి ఇల్లు దొరకదు, ఇక్కడ ఏలూరులో మోకాళ్ళు పట్టేసిన అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. అందుకని రోజూ నడిచేదాన్ని. బడి వేళ తొమ్మిదిన్నర. మామూలు రోజుల్లో సరిగ్గా తొమ్మిదిన్నరకి చేరేదాన్ని. వానాకాలం బురదలో పది దాటిపోయేది.

ఆ ఊరికి ఇంకో దారి ఉంది, ఆకివీడు వైపు నుంచి. చేపల లారీలు తిరగాలని ఆ దారికి గ్రావెలు పోశారు. బడి వైపు దారికి ఎవరు పోస్తారు? ఆ గ్రావెలు దారిలో రోజూ తొమ్మిదింటికి రొయ్యల షెడ్డు వ్యాను వచ్చేది. షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి ఆడవాళ్ళని ఎక్కించుకుని పోయేది. ఆడవాళ్ళతో పాటు ఆడపిల్లలూ ఎక్కేవాళ్ళు. హాజరు పుస్తకంలో నాకు ఏడుగురు ఆడపిల్లలుంటే, బడిలో ఎప్పుడూ ఒకరికో ఇద్దరికో మించి కనిపించేవాళ్ళు కాదు.

వాళ్ళలో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఉండేది. లెక్కల్లో ఎంత చురుకంటే, నేను బోర్డు మీద లెక్క రాయడం అయ్యేలోపే జవాబు చెప్పేసి, తప్పు చేశానేమోనని చేత్తో నోరు మూసుకునేది. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల కూడా మానేసింది. ఒక రోజు బడి అయ్యాక పనిగట్టుకుని అక్కడే ఉండి, సాయంత్రం వ్యాను దిగుతున్న పిల్లని పట్టుకున్నాను. రోజంతా ఐసులో నాని వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ వేళ్ళు చూసి నా ఒళ్ళు మండిపోయింది. వ్యాను డ్రైవర్ని నడిరోడ్డు మీద నానా మాటలూ అన్నాను. ఆయన మర్యాదస్థుడు, అది నాకు ఇంకా మంట. ఎక్కమని నేను అడగలేదండీ, ఎక్కినవాళ్ళని దించెయ్యడమెలాగండీ అని తల వంచుకున్నాడు. ఇంక పిల్లల తల్లుల మీద నా కోపం చెప్పక్కర్లేదు. కూలి కోసం పిల్లల చదువు అమ్ముకుంటున్నారని బస్సులో పక్కన కూచున్నవాళ్ళందరికీ చెప్పేదాన్ని.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఇంక ఆగలేక ఆ పిల్ల వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చెరువుల్లో మేత చల్లే పనిచేస్తుంది. అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నేను దంచేద్దామని నోరు తెరిచాను. ఆవిడ పీట వేసి, నేను అనేదంతా విని, మెల్లగా చెప్పింది.

"మీరు తొమ్మిదిన్నరకొస్తారండి. మేం తొమ్మిదింటికి చెరువు మీదికెల్లిపోవాలండి. ఆ అరగంటా పిల్ల ఎక్కడుంటాదండీ? ఎటు చూసినా నీళ్ళే కదండీ. షెడ్డులో అయితే పెద్దోళ్ళ మధ్యనుంటాదండి."

చెంప మీద కొట్టినట్టయింది. సర్కారు గడియారం ప్రకారం వాన లేని రోజున నేను ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. ఆ ఊరి గడియారం మాత్రం చెరువు పనిది. తాళం వేసి ఉన్న బడి ముందు, నాలుగు వైపులా నీళ్ళున్న చోట, తొమ్మిదేళ్ళ పిల్లని వదిలి ఏ తల్లి వెళ్తుంది? ఇన్నాళ్ళూ నేను తిట్టినవాళ్ళలో ఒక్కరి తప్పూ లేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. వచ్చే జూన్ నుంచి తొమ్మిదికి పదిహేను నిమిషాల ముందే తలుపు తీస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను. ఆవిడ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు.

"ఎండల్లో అందరూ వస్తారండి. వాన పడనివ్వండి, చూద్దాం" అంది.

మాటయితే ఇచ్చాను గానీ, మొదటి బస్సు కంటే ముందు బస్సు లేదు. తగ్గించగలిగింది ఆ ఆరు కిలోమీటర్ల నడకనే. మామూలు సైకిలు సంగతి నాకు తెలుసు. అంతకు ముందు వానాకాలంలో అద్దెకి తీసుకుని చూశాను. కొల్లేటి నల్లమట్టి మడ్‌గార్డుల్లోకి దూరి బిగిసిపోతుంది. పది బారలకోసారి దిగి పుల్లతో పెకలించాలి. చివరికి సైకిలు నన్ను మోసిందేమీ లేదు, నేనే దాన్ని నెత్తిన పెట్టుకున్నంత పనయింది. ఇదంతా విని అమ్మ, మంచం మీద నుంచే వరండా మూలకి చెయ్యి చూపించింది. తన సైకిలుకి మడ్‌గార్డులే లేవనీ, చక్రానికీ గొట్టానికీ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంటుందనీ, బురద దానంతటదే రాలిపోయేదనీ చెప్పింది.

ఆ సైకిలు మొదట అమ్మది కాదు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక దొరసాని నర్సు తన దేశం నుంచి తెప్పించుకుంది. లావు టైర్లు, వెనక చక్రానికి ఐదారు పళ్ళచక్రాలు, హ్యాండిలు మీద బొటనవేలితో తోసే గేరు మీటలు. ఆడవాళ్ళు ఎక్కడానికి వీలుగా నడిమి గొట్టం కిందికి దిగి ఉంటుంది. కొండల మీద తొక్కే సైకిలని చెప్పేదట ఆవిడ. దేశం వెళ్ళిపోయేటప్పుడు, అదే ఆసుపత్రిలో పురుళ్ళు పోసే మా అమ్మకి ఇచ్చేసింది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మందుల సంచీ వెనక కట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ సైకిలు మీదే లంకలన్నీ తిరిగింది. మోకాళ్ళు పోయాక దాన్ని వరండా మూలకి చేర్చింది.

షాపులో నా ఏడుపు వెనక ఇంత కథ ఉంది. వేసవి సెలవులు సగం అయిపోయాయి, నా మాట గడువు దగ్గర పడింది, సైకిలేమో పగిలిందంటున్నాడు.

షాపాయన మంచి మనిషి, ఊరికే కూర్చోలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసేవాళ్ళ అబ్బాయి ఒకడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఇలాంటి పాత గేరు సైకిళ్ళ కోసం ఊరూరా వెతుకుతుంటాడట. షాపాయన తన అల్లుడి సెల్ ఫోనులో ఫొటో తీసి అతనికి పంపించాడు. మూడో రోజుకల్లా ఆ అబ్బాయి వచ్చి వాలాడు. గేర్లు చూసి, మీటలు చూసి, బ్రేకులు చూసి, చంటిపిల్లాణ్ణి ముద్దు చేసినట్టు చేశాడు. చీలిక చూసి మాత్రం పెదవి విరిచాడు. ఫ్రేము పనికిరాదు మేడమ్, విడి భాగాలు తీసుకుంటాను అన్నాడు. అతను ఇస్తానన్నదాంతో ఒక సెకండ్ హ్యాండ్ మోపెడ్ వస్తుంది. భాగాలన్నీ విప్పించి ఉంచితే ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. నేను సరేనన్నాను. వానల్లో ఆ గట్టు మీద మోపెడ్ ఏమవుతుందన్న సంగతి ఆలోచించకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మెయ్యవే, ఇనుముకి ప్రాణముంటుందా ఏమన్నా అంది. ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది.

శనివారం షాపాయన విప్పడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడన్నమాటే గానీ, ఏ నట్టు ఎక్కడుందో కనబడితేగా. అంతా రంగులో కూరుకుపోయింది. ఆయన మంట చూపిస్తూ ఉలితో గీకుతుంటే పైన నీలం ఊడి ఆకుపచ్చ వచ్చింది, ఆకుపచ్చ ఊడి గోధుమ రంగు వచ్చింది. దాని కింద మళ్ళీ నీలం, దాని కింద ఎరుపు. ఇన్ని కోటింగులు మా ఇంటి గోడలకి కూడా లేవండి, ఎవరండీ ఈ మహానుభావులు అని అడిగాడు. నాకు నవ్వాగలేదు.

ఆ మహానుభావురాలు మా అమ్మే. డిసెంబరు వచ్చిందంటే మా పేటలో క్రిస్మస్‌కి ముందు చర్చి తలుపులకీ కిటికీలకీ రంగులేస్తారు. డబ్బాల అడుగున మిగిలింది, దేవుడి మందిరానికి తెచ్చిన రంగు కదా అని ఎవరూ పారబొయ్యరు. తలా కాస్తా ఇంటికి పట్టుకెళ్తారు. ఒకరు గుమ్మానికి వేసుకుంటారు, ఒకరు మంచం కోళ్ళకి. అమ్మ సైకిలుకి వేసేది. గీకడం లేదు, తుడవడం లేదు. పాతదాని మీద కొత్తది, దుమ్ముతో సహా. చర్చికి ఏ ఏడు ఏ రంగయితే సైకిలుకీ అదే. ఒక ఏడాది గొలుసుకి కూడా వేసేసి, వారం రోజులు అది తిరగక ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. తొక్కడం మానేశాక కూడా డిసెంబరులో వెయ్యడం మానలేదు.

షాపాయన హ్యాండిలు కిందికి వచ్చాడు. మంట చూపించి ఉలి పెట్టగానే, అరంగుళం మందాన రంగు పెచ్చు ఒకటి పొరలు పొరలుగా పూతరేకులాగా ఊడి కింద పడింది. చీలిక దాంతోపాటే కింద పడింది. ఆయన ఉలి పక్కన పెట్టేశాడు. ఆ చోట కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గోరుతో గీసి, స్పానరుతో టకటకా కొట్టి చూశాడు. లోపల అసలు రంగు, ముదురు ఆకుపచ్చ, కొత్త సైకిలు మీద ఉన్నట్టే ఉంది.

"చీలింది రంగండీ టీచరుగారూ, ఫ్రేము కాదండి" అన్నాడు చివరికి. నలభై ఏళ్ళ నుంచి సైకిళ్ళు చూస్తున్న తన కళ్ళు ఇంత మోసపోయాయేమిటని చాలాసేపు తనని తానే తిట్టుకున్నాడు. మళ్ళీ ఆయనే, ఈ రంగే లేకపోతే కొల్లేటి చెమ్మకి ఫ్రేము ఎప్పుడో తుప్పు పట్టి పోయేదండి, మీ అమ్మగారికి దణ్ణం పెట్టాలండి అన్నాడు. ఆ పెచ్చుని కాగితంలో చుట్టి అమ్మకి చూపించాను. ఒక్కో పొరా చూసి, ఈ ఎరుపు నీ పదో తరగతి ఏడుదే అని గుర్తుపట్టింది. పగిలిందన్నవాడి షాపుకి ఇంకెప్పుడూ వెళ్ళకు అని కూడా అంది.

కష్టమంతా ఆదివారం వచ్చింది. గూడెం అబ్బాయి వచ్చి ఫ్రేము చూసి నేల మీద కూలబడ్డాడు. మొత్తం సైకిలు ఇచ్చెయ్యండి మేడమ్ అన్నాడు. ఈసారి అతను ఇస్తానన్నదానికి సెకండ్ హ్యాండ్ కాదు, కొత్త మోపెడ్ వస్తుంది. అబద్ధమెందుకు, నా మనసు ఊగిపోయింది. ముప్ఫై మూడేళ్ళ మనిషిని, రోజూ పన్నెండు కిలోమీటర్లు తొక్కాలంటే మాటలా? తాళం తిప్పితే పరుగెత్తే బండి. బడి ముందు దిగుతుంటే ఎంత దర్జాగా ఉంటుందో కూడా ఊహించేసుకున్నాను. సరే తీసుకెళ్ళు బాబూ అనబోతున్నాను. ఆ పిల్ల తల్లి నవ్వు గుర్తొచ్చింది. వాన పడనివ్వండి, చూద్దాం అన్న మాట గుర్తొచ్చింది.

ఆ కొత్త మోపెడ్‌ని భుజాన వేసుకుని రెండు తాటి దుంగల మీద నడవగలవా బాబూ అని ఆ అబ్బాయిని అడిగాను. అతనికి అర్థం కాలేదు. అప్పుడు బురద గట్టూ, వ్యానూ, పిల్ల వేళ్ళూ, నేనిచ్చిన మాటా అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు పెద్దదయిపోయింది, గట్టున వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. అంతా విన్నాక షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"కొల్లేట్లో కొండెక్కడుందండీ? ఈ గేర్లతో ఆవిడకేం పనండీ? మీకు కావలసింది గేర్లు. ఆవిడకి కావలసింది చక్రాలు."

అబ్బాయి మొహం వాడిపోయింది. ఇలాంటిది ఇంత బాగా దొరకడమే అరుదనీ, అలాంటిదాన్ని విడగొట్టడం పాపమనీ అన్నాడు. తొక్కకుండా గోడకి తగిలించుకుంటే పుణ్యమా అన్నాను. మరీ కటువుగా అనేశానని వెంటనే బాధపడ్డాను. అతను కాసేపు సైకిలుకేసి చూస్తూ కూచుని, చివరికి తనే నవ్వాడు. గేర్లూ, వాటి మీటలూ, పాత బ్రేకు పిడులూ షాపాయన చేత విప్పించుకుని తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. అతను ఇచ్చినదాంతో మిగతా పనంతా జరిగిపోయింది. వెళ్ళే ముందు నన్ను సైకిలు పక్కన నిలబెట్టి ఒక ఫొటో కూడా తీసుకున్నాడు.

ఆ తర్వాత పది రోజులు నేను షాపు వదల్లేదు. గేర్లున్న చోట షాపాయన మామూలు సైకిళ్ళకి వేసే ఒంటి పళ్ళచక్రం, ఫ్రీవీలు, బిగించాడు. కుర్రాళ్ళ రేంజరు సైకిళ్ళకి వచ్చే లావు టైర్లు సరిగ్గా సరిపోయాయి. మడ్‌గార్డులు మాత్రం వద్దంటే వద్దన్నాను. అమ్మ ఒకరోజు రిక్షాలో వచ్చి, మోకాలి నొప్పితోనే పెడలు చేత్తో తిప్పి, గొలుసు వదులుగా ఉందని షాపాయనకి వంక పెట్టి మరీ వెళ్ళింది.

జూన్‌లో బడి తెరిచారు. సైకిలు టీ కొట్టు దగ్గర పెట్టుకుని, బస్సు దిగగానే ఎక్కేదాన్ని. ఎనిమిదీ నలభైకల్లా బడి తలుపు తీసేదాన్ని. మొదటి రెండు రోజులు ఎవరూ నమ్మలేదు. వారం తిరిగేసరికి ఏడుగురిలో ఆరుగురు ఆడపిల్లలు వ్యాను మానేసి బడికొచ్చారు. ఆ లెక్కల పిల్ల మాత్రం రాలేదు. వాళ్ళమ్మ ఎదురుపడినప్పుడల్లా నవ్వి, ఆకాశంకేసి చూసేది.

జూలైలో ఒక రాత్రి మొదలైన వాన తెల్లారినా వదల్లేదు. బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇవాళ వద్దులెండి అని టీ కొట్టు ఆయన సైకిలు ఇవ్వడానికి కూడా సందేహించాడు. గట్టంతా నల్లటి ముద్ద. చక్రాలు దున్నుకుంటూ వెళ్ళాయి, మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఎగిరి నా వీపు మీద పడింది గానీ చక్రం ఆగలేదు. ఒక మలుపులో జారి బోర్లా పడ్డాను. గడ్డం గీరుకుపోయింది. అక్కడ బురదలో కూచుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు కదా అనుకున్నాను. ఆ ఒక్కావిడా ఏమీ అనదు, నవ్వుతుందంతే. ఆ మాట అనుకోగానే ఎక్కడలేని పౌరుషమూ వచ్చింది. కాలువ దగ్గర చెప్పులు విప్పి నడుముకి దోపుకుని, సైకిలు భుజానికెత్తుకుని, దుంగల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ దాటాను. బడి తాళం తీసేసరికి తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది.

బడికి అవతల గ్రావెలు దారి మీద వ్యాను వచ్చి ఆగింది. ఆ పిల్ల అన్నం డబ్బా పట్టుకుని, గోనెపట్టా కప్పుకుని, తల్లి పక్కన నిలబడి ఉంది. తల్లి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"పడ్డారాండీ?" అంది.

"పడ్డానమ్మా. అయినా వచ్చాను" అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ వ్యానుకేసి తిరిగి, "మీరెల్లండి బాబూ, మా పిల్ల రాదు" అని, మళ్ళీ నాకేసి చూడకుండా వానలో చెరువు మీదికి పనికి వెళ్ళిపోయింది.

పిల్ల అన్నం డబ్బాతోనే లోపలికి వచ్చి గోడవార కూచుంది. పలక లేదు, పుస్తకం లేదు. చేతులకంటిన బురద కొంగుతో తుడుచుకుని, హాజరు పుస్తకం తెరిచి, ఒక్కొక్కరినే పిలిచాను. ఐదో తరగతిలో ఆఖరి పేరు మొదటిసారి వాన చప్పుడులో కలిసిపోయింది. రెండోసారి గట్టిగా పిలిచాను. ఆ పిల్ల లేచి నిలబడి, "ఉన్నానండీ" అంది.